పేరు పెట్టి పిలువు

అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

పలమనేరు దగ్గర ఏఎన్ఎంగా చేరావనీ, రొమ్ము క్యాన్సర్ పరీక్షకు ఆడవాళ్లను పిలిచే పని నీ మీద పడిందనీ తెలిసింది. నేను చాలా ఏళ్లు చేసిన పనే కనుక చెబుతున్నాను: ఆటోకు మైకు కట్టి చాటించకు. నేనొకసారి అలాగే చేయించాను. నడివీధిలో ఆ మాట వినగానే తలుపులు దగ్గరికి వేసుకున్నారు. శిబిరానికి నలుగురే వచ్చారు.

ఇంటికి వెళ్లు, పేరు పెట్టి పిలువు. వాళ్లు తెల్లవారకముందే పాలు పితికి పాల కేంద్రంలో పోసి రావాలి, సాయంత్రం మళ్లీ అదే పని. అందుకే పదకొండు, రెండు గంటల మధ్య వేళ చెప్పు. మామిడి కాపు రోజుల్లో కూలికి పోతారు, అప్పుడు శిబిరమే వద్దు.

అక్కడ ఏం చేస్తారో ఇంటి దగ్గరే చెప్పాలి. తెర వెనక జాకెట్టు విప్పాలి, చూసేది ఆడమనిషే, చేతితో తడిమి చూస్తుంది, కొన్ని నిమిషాల పని. ఒకామె ఈ సంగతి తెలియక వచ్చింది. తెర దాకా వెళ్లి, కొంగు భుజాల చుట్టూ బిగించుకుని వెనుదిరిగింది. ముందుగా చెప్పకపోవడం నా తప్పు. ఆమె మళ్లీ రాలేదు.

బీపీ, షుగర్ చూస్తామని మభ్యపెట్టి తీసుకురాకు. క్యాన్సర్ పేరు చెప్పు, గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావని కూడా చెప్పు. "నొప్పి లేదు కదమ్మా" అంటారు. మొదట్లో గడ్డ చాలామందికి నొప్పి పెట్టదు, ఆ మాట పదిసార్లైనా చెప్పు.

30 దాటిన వాళ్లందరినీ చూడమన్నది ప్రభుత్వ నియమం. కానీ "ఈ వయసులో నాకెందుకు" అనే అత్తలను వదలకు. ముంబై టాటా మెమోరియల్ వాళ్లు 1998లో మొదలుపెట్టి 20 ఏళ్లు లక్షన్నర మంది ఆడవాళ్లను గమనించారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేతితో చూసినందుకే, 50 దాటిన వాళ్లలో ఈ జబ్బు మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి.

గడ్డ తగిలితే తిరుపతికి వెళ్లమని చీటీ రాసిచ్చి ఊరుకోకు. స్విమ్స్ పెద్దాసుపత్రి అయినా, అలిపిరి దగ్గరి క్యాన్సర్ ఆసుపత్రి అయినా ఆమెకు కొత్త చోటే. మొదటిసారి నువ్వూ బస్సెక్కు. అంతకు ముందు, ఆ పూట వాళ్లింట్లో పాలు ఎవరు పితుకుతారో అడిగి, ఆ ఏర్పాటు కూడా చూడు.

మీ పెద్దమ్మ