ఎన్నారై సందేహాలు: విశాఖలో పాత ఇల్లు, కొత్త నడవ

ప్రశ్న: డల్లాస్ వచ్చి ఏడాదిన్నర అయింది. ఎంవీపీ కాలనీలో నాన్నగారు కట్టిన ఇంటికి వెనకాల రెండు గదులు కలుపుతున్నాం, పైన ఒక అంతస్తు వేస్తున్నాం. హాలు వెనక గోడ కొట్టి నడవకి దారి తీస్తాం. ఆ నడవ చివర పక్కకి తిరుగుతుంది, పైకి మెట్లూ అందులోంచే. వెనక గదిలో అమ్మానాన్నలు పడుకుంటారు. ముందు హాల్నీ వెనక గదుల్నీ కలిపే నడవకి మూడున్నర అడుగులు చాలంటున్నాడు మేస్త్రీ. ఇంజనీరు నాలుగు అంటున్నారు. ఇక్కడి ఇళ్ళలో మూడడుగుల నడవలే చూస్తున్నాను. ఎవరి మాట వినమంటారు?

జవాబు: ఇంజనీరు మాట వినండి. మీరు అడగాల్సిన ప్రశ్న మాత్రం ఇంకోటి ఉంది. నాలుగడుగులంటే ఎక్కణ్ణించి ఎక్కడికి?

అమెరికాలో ఇంటి నడవకి కనీసం 36 అంగుళాలు ఉండాలంటే అది అన్ని పనులూ అయిపోయి, మీరు నడిచే చోటు. మన మేస్త్రీ చెప్పే మూడున్నర ఇటుకకీ ఇటుకకీ మధ్య. వైజాగ్‌లో నా మొదటి ఇంటి దగ్గర నేను బోల్తాపడింది ఈ లెక్కలోనే. 42 అంగుళాల్లోంచి రెండు పక్కలా అరంగుళం చొప్పున ప్లాస్టరింగ్ పోతే 41. గోడ అడుగున అంటించే స్కర్టింగ్ టైలు, దాని వెనక సిమెంటు కలిపి రెండు పక్కలా ఇంకో అంగుళం, 40. ఎదురెదురు గుమ్మాల దగ్గర ద్వారబంధాల మీద కొట్టే చెక్క పట్టీ, బీడింగు, మరో అంగుళం, 39. పెద్దవాళ్ళు పట్టుకోవడానికి ఒక పక్క గొట్టం వేయిస్తే, గొట్టం అంగుళంన్నర, వేళ్ళు పట్టడానికి గోడకీ దానికీ మధ్య మరో అంగుళంన్నర. మిగిలింది 36. అందులో ఎవరో ఒకరు పది అంగుళాల చెప్పుల స్టాండు తెచ్చి పెడతారు. మా ఇంట్లో అదీ జరిగింది.

అందుకని ప్లాను కాగితం మీద 'ప్లాస్టరింగ్ అయ్యాక 48 అంగుళాలు' అని తెలుగులోనే రాయించండి. ఇటుక కట్టేటప్పుడు 49 వదులుతారు.

ఇప్పుడు డబ్బు సంగతి. కొత్తగా వచ్చినవాళ్ళు దీన్ని ఇంకా డాలర్లని రూపాయల్లోకి మార్చి మురిసిపోయే దశలోనే చూస్తారు కాబట్టి విడమరిచి చెప్తాను. మీ నడవ 20 అడుగుల పొడవనుకోండి. అర అడుగు పెంచితే పెరిగేది 10 చదరపు అడుగులు. చదరపు అడుగుకి 2,000 వేసుకున్నా 20,000 రూపాయలు. మీ డల్లాస్ అద్దెలో వారం రోజుల వాటా అంత కూడా కాదు. అదే కట్టేశాక గోడ జరపాలంటే కొట్టిన కూలీ, చెత్త ఎత్తిన ట్రాక్టరు, మళ్ళీ ఇటుక, మళ్ళీ ప్లాస్టరింగ్, తెగిన కరెంటు పైపులు, పగిలిన టైళ్ళు, రెండు గదులకీ మళ్ళీ రంగు. కట్టిన ఖర్చుకి రెండింతలు దాటుతుంది, అదీ మీరు ఊళ్ళో లేనప్పుడు. పైగా 'రెండడుగుల టైలు' అని అమ్మేది నిజానికి 600 మిల్లీమీటర్లు, అంటే 23.6 అంగుళాలు. 48 అంగుళాల నడవలో అడ్డంగా రెండు టైళ్ళు కోత లేకుండా పడతాయి, రెండు అంచులా కలిపి మిగిలే ముప్పావు అంగుళం స్కర్టింగ్ కింద దాక్కుంటుంది. మూడున్నర అడుగుల నడవకీ వరసకి రెండు టైళ్ళే కొనాలి, కానీ రెండోది కోసి ఆరంగుళాల ముక్క పారేయాలి. తక్కువ చోటుకి అదే టైలు ఖర్చు, పైన కోత కూలీ.

వెడల్పు గురించి చివరి మాట, ఇది మాత్రం డబ్బు మాట కాదు. మీ నడవ చివర పక్కకి తిరుగుతుందన్నారు. ఆరున్నర అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న స్ట్రెచరు మూడున్నర అడుగుల మూల తిరగదు. అక్కడ ఆరడుగుల లోపు పొడవున్నదే తిరుగుతుంది. నాలుగడుగుల మూలలో ఏడడుగులదీ తిరుగుతుంది. అమ్మానాన్నలు ఆ వెనక గదిలో పడుకుంటారని మీరే రాశారు. మూడు సీట్ల సోఫా మాత్రం ఎందులోనూ పడుకోబెట్టి తిప్పలేరు. దాన్ని పెరటి గుమ్మంలోంచి తెప్పించుకోండి.

నా రెండో తప్పు నేల మట్టం. పాత ఇంట్లో మొజాయిక్ ఉంటుంది. దాని మీద జిగురుతో టైలు అంటిస్తే నేల 15 మిల్లీమీటర్లు లేస్తుంది. కొత్త గదిలో సిమెంటు పరుపు మీద టైలు వేస్తే రెండంగుళాల దాకా లేస్తుంది. ముందే లెక్క చూసుకోకపోతే ఈ రెండూ నడవలో కలిసే చోట అరంగుళమో అంగుళమో గట్టు మిగులుతుంది. పెద్ద మెట్టయితే కంటికి కనబడుతుంది, అరంగుళం కనబడదు, కాలికే తగులుతుంది. చేయాల్సింది ఒక్కటే. కొత్త గదుల్లో కాంక్రీటు బెడ్డు పోయకముందే మట్టం చూసే నీళ్ళ గొట్టంతో ఇల్లంతా, పాత గదులతో సహా, గోడల మీద ఒకే మట్టంలో గీత కొట్టించాలి. టైలు పూర్తయ్యాక ఆ గీత నుంచి నేలకి సరిగ్గా మూడడుగులు రావాలి. ప్రతి గుమ్మం దగ్గరా టేపు పెట్టి వీడియో కాల్‌లో చూపించమనండి. ఎక్కడైనా రెండంగుళాల తేడా తప్పదనుకుంటే గట్టు వదలకుండా రెండడుగుల పొడవున వాలు చేయించండి. నేల లేచాక పాత తలుపుల కింది అంచు కోయాలి. టేకు తలుపైతే ఫర్వాలేదు. ఫ్లష్ డోరుకి అడుగున ఉండే చెక్క పట్టీ దాటి కోస్తే లోపలి గుల్ల బయటపడి, తడికి ఉబ్బిపోతుంది.

మెట్ల దగ్గరా ఇదే గొడవ. నేల నుంచి నేలకి 126 అంగుళాలుంటే 7 అంగుళాల మెట్లు 18 వస్తాయి. టైలు మందం ముందే లెక్కలో వేయకపోతే అన్నిటికన్నా కింది మెట్టు పొట్టిదై, పై మెట్టు పొడుగుదవుతుంది. మెట్లు మొదలయ్యేది మీ నడవలోంచే కాబట్టి చెప్తున్నాను. మెట్ల కింద నడిచే చోట నేల నుంచి పైకి ఏడుంపావు అడుగులైనా ఉండాలి.

హాలు వెనక గోడ కొట్టి దారి తీస్తామన్నారు. ఆ కాలం ఇళ్ళలో పిల్లర్లు లేకుండా శ్లాబు బరువంతా తొమ్మిదంగుళాల గోడలే మోయడం మామూలు. స్ట్రక్చరల్ ఇంజనీరు చూడకుండా సుత్తి తగలనివ్వకండి. ముందు శ్లాబు కింద పోట్లు, అంటే తాత్కాలికంగా ఊతమిచ్చే స్తంభాలు, పెట్టాలి. దారి పైన బరువు మోసే కాంక్రీటు దూలం, లింటల్, రెండు పక్కలా గోడ మీద తొమ్మిదేసి అంగుళాలు కూర్చోవాలి. లింటల్ పోశాక పోట్లు 14 రోజులు కదపకూడదు. ఒక్క పూటలో లేపేస్తానన్న మనిషికి అడ్వాన్సు ఇవ్వకండి.

మేస్త్రీతో మాట్లాడేటప్పుడు చాలామంది మరిచిపోయేది గాలి. డల్లాస్ ఇంటి నడవకి ఏసీ ఉంది, కిటికీ అక్కర్లేదు. మనకి సముద్రం తూర్పు, ఆగ్నేయాల వైపు, మధ్యాహ్నం దాటితే గాలి అటునుంచే. నడవ ఒక కొస అటువైపు తెరుచుకుని, రెండో కొసన బయటికి పోయే దారి ఉంటే ఇల్లంతా గాలి ఆడుతుంది. ఒక కొస మూసేస్తే ఆ నడవ మే నెలలో ఆవిరి గొట్టం. గదుల గుమ్మాల పైన, లింటల్ మీద, పాత ఇళ్ళలో ఉన్నట్టు వెంటిలేటరు వదలండి, ఏసీ వేసినప్పుడు మూయడానికి అద్దం రెక్కతో. ఎదురుగాలికి తలుపులు దబదబా కొట్టుకుంటాయి కనుక ప్రతి తలుపుకీ అయస్కాంతం స్టాపరు కావాలి. కొసన కిటికీ గడపని బయటికి వాలుగా వేయించి, అడుగున నీటి గాడి తీయించండి, లేకపోతే ఏటవాలు వానకి నడవ చెరువే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరికి కిటికీ గొళ్ళాలు గట్టివి కొనమని వేరే చెప్పక్కర్లేదు. తీరానికి దగ్గర కాబట్టి చేత్తో పట్టుకునే గొట్టం, మరలు, తలుపు బందులు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి. మామూలుగా అమ్మే 304 రకం కూడా ఉప్పుగాలికి టీ మరకల్లా తుప్పు చుక్కలు పెడుతుంది.

లైటుకి రెండు కొసల్లోనూ, ఎటునుంచైనా వేసి ఆర్పే టూ-వే స్విచ్చులు. ఆ రెంటి మధ్యా అదనపు తీగలు నడవాలి కనుక ప్లాస్టరింగ్‌కి ముందే చెప్పాలి. మధ్యలో మూడో చోటా స్విచ్చు కావాలంటే అక్కడ పెట్టేది ఇంటర్మీడియట్ స్విచ్చు, టూ-వే కాదు. రాత్రి బాత్రూముకి లేచేవాళ్ళ కోసం నేలకి అడుగు ఎత్తున చిన్న లైటు ఒకటి.

గుమ్మాలు సరి సంఖ్యలో ఉండాలని వాస్తు చూసే సిద్ధాంతిగారు నడవలో ఇంకో తలుపు పెట్టమనొచ్చు. వద్దని తగువు పడకండి. గోడ అల్మరాకి తలుపు పెట్టించి ఆయన్ని ఒప్పించుకోండి, మీ చోటూ మిగులుతుంది, డబ్బూ మిగులుతుంది. తలుపులన్నీ గదుల్లోకి తెరుచుకోవాలి, నడవలోకి కాదు.

జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ప్లాను, ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, అదే సెట్‌బ్యాకులు, అన్నీ ఆన్‌లైన్లో ఉన్నాయి, మీ ఇంజనీరే చూసుకుంటారు.

పునాది తీసే ముందు రోజు పెరట్లో గోడల మందంతో సహా నడవకి ముగ్గు పోయించండి. అమ్మగారిని ఒక చేత్తో నీళ్ళ బకెట్టు పట్టుకుని అందులో నడవమనండి, ఎదురుగా నాన్నగారిని రమ్మనండి. ఎవరి కాలైనా ముగ్గు తొక్కితే అప్పుడే చెరిపి, జరిపి, మళ్ళీ పోయించండి. దానికయ్యే ఖర్చు ముగ్గు పిండి ఖర్చే.