పీవీఏ-వెలిగారం జెల్ అతుక్కుంటోంది కానీ లాగితే తెగుతోంది: ఏం చేయాలి?

భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ మీటరు వైర్లకు మీకు, కోత పడినా తనంతట తానే అతుక్కునే మెత్తటి పూత కావాలన్నారు. పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్ అనే నీటిలో కరిగే ప్లాస్టిక్), వెలిగారం (బోరాక్స్) కలిపిన జెల్ నిమిషాల్లో అతుక్కుంటోంది గానీ, లాగితే పిండిముద్దలా సాగి తెగిపోతోందన్నారు.

మీ కొలతల్లో తప్పు లేదండి. ఆ జెల్‌లో పీవీఏ పొడవాటి అణు గొలుసులను కలిపే ముడులన్నీ ఒకే రకం, వెలిగారం నుంచి వచ్చే బోరేట్ బంధాలు. అవి ఇట్టే విడిపోయి ఇట్టే కలుస్తాయి. అందుకే అతుకుతుంది, అందుకే బరువూ మోయలేదు. బరువు మోయడానికి విడిపోని ముడులు కొన్ని వేరే ఉండాలి. ఒక గొలుసుల వల తెగుతూ రెండో వలను కాపాడే హైడ్రోజెల్‌ను (నీటిని పట్టి ఉంచే జెల్) 2003లోనే జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయం వాళ్ళు చూపించారు. పీవీఏను ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తే ఏర్పడే సన్నటి స్ఫటికాలే మనకు ఆ గట్టి ముడులు.

98-99 శాతం హైడ్రాలిసిస్ ఉన్న (అసిటేట్ గుంపులు దాదాపు అన్నీ ఆల్కహాల్‌గా మారిన) పీవీఏ 12 గ్రాములు తీసుకోండి. 80 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో చల్లగా ఉన్నప్పుడే చల్లి, మూతపెట్టి, 90-95 డిగ్రీల దగ్గర గంటన్నర కలపండి. నేరుగా వేడినీళ్ళలో పోస్తే ఉండలు కడుతుంది. వెలిగారం అర గ్రాము 8 మి.లీ. వేడినీళ్ళలో కరిగించి, వేడి తగ్గనివ్వకుండా చుక్క చుక్కగా పోయండి. చల్లారితే అచ్చులోకి జారదు. అచ్చును ప్లాస్టిక్ షీటుతో కప్పి, ఫ్రీజర్‌లో మైనస్ 18 దగ్గర 12 గంటలు, బయట 6 గంటలు. ఇలా రెండుసార్లు చాలు. ఇంకా పెంచితే గట్టిపడుతుంది గానీ, గొలుసులు స్ఫటికాల్లో చిక్కుకుని అతుకు తగ్గుతుంది.

బోరు నీళ్ళు వాడకండి. తీరం దగ్గర ఉప్పు ఒక్కో బోరులో ఒక్కోలా ఉంటుంది, జెల్ ఏ రెండుసార్లూ ఒకేలా రాదు. ఎండిపోకుండా గ్లిజరిన్ కలుపుతారు చాలామంది. అది బోరేట్‌ను తనే పట్టేసుకుని పీహెచ్ తగ్గిస్తుంది, అతుకు పోతుంది.

కోసిన ముఖాలను తడి ఆరకముందే కలిపి నొక్కండి. తెగిన స్ఫటికాలు మామూలు వేడిలో తిరిగి రావు కాబట్టి మొదటి బలమంతా రాదు. కలిపిన ముక్కను మరోసారి గడ్డకట్టిస్తే అతుకు మీదుగా కొత్త స్ఫటికాలు వస్తాయి. పరీక్షకు పట్టీ అంచున 2 మి.మీ. గాటు పెట్టి లాగండి. గాటు అక్కడే ఆగి మొద్దుబారితే బాగున్నట్టే, సర్రున పాకితే స్ఫటికాలు చాల్లేదు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను, ఈ జెల్ చెరువు నీళ్ళలో మునిగే భాగానికి వద్దు. బోరేట్ నీళ్ళలోకి కారిపోతుంది. గట్టు మీది పెట్టెలోపలి వైర్లకే వాడండి. మునిగే వైరుకు, తెగినా మళ్ళీ కలిసే డైసల్ఫైడ్ (గంధకం-గంధకం) బంధాలున్న పాలీయురేథేన్ రబ్బరు చూడండి.