పసిబిడ్డల వార్డులో తల్లిదండ్రులకు ధైర్యం చెప్పడం కంటే పని చెప్పడం మేలు

నవజాత శిశువుల విభాగంలో కొత్తగా స్టాఫ్ నర్సుగా చేరారని, బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్లూ మానిటర్లూ అలవాటవుతున్నాయి గానీ తలుపు అద్దంలోంచి లోపలికి చూసే తల్లిదండ్రులతో ఏం మాట్లాడాలో తెలియడం లేదని, బిడ్డ దక్కనప్పుడు వాళ్ళ ఎదుట మీకూ కన్నీళ్ళు వచ్చేస్తున్నాయని, అది తప్పా అని అడిగారు. గోదావరికి అటూ ఇటూ ప్రభుత్వ ఆసుపత్రుల్లో పదిహేనేళ్ళుగా ఈ పనే చేస్తున్నదాన్ని కనుక నాకు తెలిసినది చెబుతాను. ముందుగా నా వల్ల జరిగిన పొరపాటు ఒకటి చెప్పాలి.

చేరిన రెండో ఏడాది ఒక సాయంత్రం డ్యూటీ దిగి బస్సుకు పరుగెత్తబోతుంటే ఒక తండ్రి వరండాలో ఎదురొచ్చి, "బాబు ఎలాగున్నాడండి సిస్టరు గారూ" అని అడిగారు. "బాగానే ఉన్నాడు" అనేసి వెళ్ళిపోయాను. ఆ రాత్రి బిడ్డకు ఊపిరి ఆగి ఆగి రావడం మొదలైంది; వెంటిలేటరు మీద పెట్టినా తెల్లవారేసరికి పోయాడు. మర్నాడు ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. "నిన్న సాయంత్రం బాగానే ఉన్నాడన్నారు కదండి" అని ఊరుకున్నారు. బిడ్డకు రెండు విడతల పాలు అరగలేదని, పొట్ట కాస్త ఉబ్బిందని ఆ సాయంత్రమే చార్టులో రాసింది నేనే. చార్టుకు చెప్పిన మాట కన్నతండ్రికి చెప్పలేదు.

అప్పటినుంచి "బాగానే ఉంది", "భయపడకండి" అన్న మాటలు మానుకుని, నా కళ్ళతో చూసినది చెప్పడం అలవాటు చేసుకున్నాను. జబ్బు పేరూ, ముందు ముందు ఏమవుతుందన్నదీ డాక్టరు గారు చెప్పవలసిన సంగతులు. బిడ్డ ఎన్ని పాలు తాగాడో, ఎన్నిసార్లు కక్కాడో, ఒంటికి పోశాడో లేదో మనం చెప్పవచ్చు. చెప్పేది ముందే చెప్పాలి కూడా. పుట్టిన మొదటి వారంలో దాదాపు ప్రతి బిడ్డా బరువు తగ్గుతాడు, నెలలు నిండనివాడు పుట్టినప్పటి బరువుకు తిరిగి రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఈ మాట మొదటి రోజే చెబితే అది సమాచారం, తగ్గాక చెబితే సంజాయిషీ. మానిటరు సంగతీ అంతే. నెలలు నిండని బిడ్డకు ఆక్సిజన్ పెట్టినప్పుడు, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే అంకె 90కీ 95కీ మధ్య ఉండేలా మనం చూస్తాం. బయటివాళ్ళకు 92 కనబడితే, నూటికి ఎనిమిది తక్కువైందని గుండె జారిపోతుంది. ఆక్సిజన్ మితిమీరితే కంటి వెనుక పొరలోని రక్తనాళాలు చెడతాయని, అందుకే 34 వారాల లోపు పుట్టినవారికి నెల తిరగకముందే కంటి పరీక్ష చేయిస్తామని రెండు వాక్యాల్లో చెప్పవచ్చు.

అయినా మాటలతో తీరేది కొంతే. లోపల తన బిడ్డకు అందరూ ఏదో ఒకటి చేస్తుండగా తాను మాత్రం బయట బల్ల మీద చేతులు ముడుచుకుని కూర్చోవలసి రావడమే వాళ్ళను ఎక్కువగా కుంగదీస్తుందని నాకు ఒక వరదల కాలంలో అర్థమైంది.

లంక గ్రామం నుంచి ఒక దింపు కార్మికుడు వచ్చేవాడు. కొబ్బరిచెట్లు ఎక్కి కాయలు దించడమే జీవనం. 31 వారాలకే పుట్టిన కొడుకు 1,350 గ్రాముల బరువుతో మా దగ్గర ఉన్నాడు; సిజేరియన్ అయిన భార్య ఏటికి అవతల వేరే ఆసుపత్రిలో ఉంది. కాజ్‌వే మునిగిపోవడంతో నాటుపడవ ఎక్కి, దిగిన తరువాత ఆటో పట్టుకుని, తడిగుడ్డ చుట్టిన చిన్న స్టీలు డబ్బా ఒకటి తెచ్చాడు. మూత తీస్తే అడుగున రెండు చెంచాల ముర్రుపాలు, పసుపు పచ్చగా ఉన్నాయి. "ఇన్నేనండి వచ్చినాయి, సరిపోతాయాండి?" అని తప్పు చేసినవాడిలా అడిగాడు. పిండి రెండు గంటలు కూడా కాలేదు కనుక పాలు పాడయ్యే ప్రశ్న లేదు. డబ్బా అందుకుని తలుపు వేసుకోవడం ఆనాటి మా వాడుక. ఆ రోజు ఎందుకో ఆయనను లోపలికి పిలిచి, మోచేతుల దాకా సబ్బుతో చేతులు కడిగించి, గౌను తొడిగించి వార్మరు పక్కన నిలబెట్టాను. బిడ్డ నోటి గుండా పొట్టలోకి వెళ్ళే సన్నని గొట్టానికి పిడి తీసేసిన సిరంజి తగిలించి, ఐదు మిల్లీలీటర్లు పోసి ఆయన చేతికిచ్చాను. తొయ్యకూడదు, పైకెత్తి పట్టుకుంటే పాలు వాటంతట అవే దిగుతాయి అన్నాను. ఎంత గాలికి ఊగే చెట్టయినా ఎక్కే ఆ చెయ్యి, కాయలు కాసిన ఆ వేళ్ళు ఐదు మిల్లీలీటర్లకు వణికాయి. పాలు దిగడానికి పావుగంట పట్టి ఉంటుంది. అంతసేపూ ఆయన రెప్ప వెయ్యలేదు. బయటకు వెళ్ళగానే ఫోనులో భార్యతో, "మనోడికి నేనే పట్టానే పాలు" అని చెప్పడం నాకు వినిపించింది. ఆ తల్లికి రాత్రి వేళ కూడా కలిపి రోజుకు ఎనిమిది సార్లయినా పిండాలని మేము కాగితం మీద రాసి పంపినా జరగని పని, ఆ ఫోను తరువాత జరిగింది. నాలుగో రోజుకు పాలు డబ్బాలో సగం దాకా వచ్చాయి.

ఇదేమీ నేను కనిపెట్టిన పద్ధతి కాదు. నవజాత శిశు విభాగాల్లో కుటుంబ సభ్యులకు శిక్షణ ఇచ్చి సంరక్షణలో భాగస్వాములను చేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2017లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. తల్లి రొమ్ము మీద బిడ్డను ఒంటికి ఒళ్ళు ఆనించి ఉంచే కంగారూ సంరక్షణ అంతకంటే చాలా పాతది. ఇంక్యుబేటర్లు చాలక 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఎడ్గార్ రే అనే వైద్యుడు మొదలుపెట్టారు. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో సహా ఐదు దేశాల్లో జరిగిన పరిశీలనలో, 1 కిలో నుంచి 1.799 కిలోల వరకు బరువున్న పిల్లలను నిలకడ పడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే ఇలా ఉంచితే నెల రోజుల్లోపు మరణాలు నాలుగో వంతు తగ్గాయని 2021లో తేలింది. రోజుకు 8 నుంచి 24 గంటలు, వీలైనంత ఎక్కువసేపు ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. మన వైపు దీనికి పేరే ఒక అడ్డు. "కంగారు పడొద్దంటారు, మళ్ళీ మీరే కంగారు పెట్టాలంటారు, ఏంటండీ ఇది" అని ఒక మామ్మగారు నన్ను నిలదీసినప్పటినుంచి "గుండెకు హత్తుకోవడం" అని చెబుతున్నాను.

మామ్మలను, అమ్మమ్మలను దూరం పెట్టకండి. 32 వారాలు దాటి బిడ్డ మింగడం నేర్చుకునే రోజుల్లో మనం పాలడై అనే ముక్కు గిన్నెతో పాలు పడతాం. అది వాళ్ళకు తెలిసిన ఉగ్గుగిన్నే. బిడ్డ తల కాస్త ఎత్తి, పెదవి చివర ఆనించి, ఒక గుక్క మింగాకే మరో గుక్క వదలాలని చెబితే మనకంటే ఓపికగా చేస్తారు. తేనె నాకించడం, కంటికి కాటుక పెట్టడం మాత్రం ససేమిరా వద్దనాలి, ఎగతాళి చేయకుండా.

మరో సంగతి, మీరూ ఈ ప్రాంతంవారే కనుక తెలిసే ఉంటుంది. ఏం చెప్పినా మనవాళ్ళు "ఆయ్, అలాగేనండి" అంటారు. అది మర్యాద, అర్థమైందని కాదు. "ఇప్పుడు మీరు చేసి చూపించండి, నేను పక్కనే ఉంటాను" అనండి.

ఇక మీ రెండో ప్రశ్న. బిడ్డ పోయాక మనవల్ల ఏమీ కాదనుకుంటాం గానీ చెయ్యవలసినది చాలా ఉంది. గొట్టాలు తీసేముందు డాక్టరు గారి అనుమతి అడిగి, ప్లాస్టర్లను నీళ్ళతో తడిపి చర్మం ఊడకుండా తీసి, ఒళ్ళు తుడిచి, ఇంటినుంచి వాళ్ళు తెచ్చుకున్న గుడ్డలోనే చుట్టి తల్లి ఒడిలో పెట్టండి. పేరు పెట్టి ఉంటే ఆ పేరుతోనే అనండి. తల్లిని చూడనివ్వవద్దని పెద్దవాళ్ళు అడ్డుపడితే, ఆమెనే అడగండి. దాదాపు ఎవరూ ఆమెకు చెప్పనిది ఒకటుంది: బిడ్డ లేకపోయినా రెండు మూడు రోజుల్లో పాలు పడతాయి. ఇంట్లో అర్ధరాత్రి రొమ్ములు గట్టిపడి రవిక తడిసినప్పుడు ఆమె ఒంటరిగా ఏడవకూడదంటే ఆ మాట ఇక్కడే, మెల్లగా చెప్పాలి. చల్లని గుడ్డ వెయ్యమని, నొప్పి తగ్గేంత మేరకే పిండి వదలమని, పూర్తిగా పిండితే మళ్ళీ ఊరతాయని, జ్వరం వచ్చినా ఎర్రబడినా వెంటనే రమ్మని చెప్పండి.

ఇదంతా చేసేటప్పుడు కన్నీళ్ళు వస్తే రానివ్వండి, తప్పు కాదు. మీ ఏడుపును ఆ తల్లి ఓదార్చవలసిన పరిస్థితి మాత్రం రాకూడదు. అంతదాకా వచ్చేటట్టుంటే పక్క సిస్టరుకు చెప్పి రెండు నిమిషాలు బయటకు వెళ్ళండి. తిరిగి వచ్చేటప్పుడు చేతులు మళ్ళీ కడుక్కోండి, కళ్ళు తుడుచుకున్న చేతులు కదా, పక్క వార్మరులో బిడ్డకు పాల వేళ అయి ఉంటుంది.