టైమ్స్ ఆఫ్ ఇండియా 150 ఏళ్ల స్టాంపు: కవరు మీద నుంచి తీయాలా, ఉంచాలా?

ప్రశ్న: శ్రీకాకుళంలో తాతగారి ట్రంకు పెట్టెలో, 1988లో టైమ్స్ ఆఫ్ ఇండియా 150 ఏళ్లకు వేసిన స్టాంపు అంటించిన ఉత్తరం కవరొకటి, వాడనివి నాలుగు దొరికాయి. కవరు మీదది ఊడదీయాలా? ఎలా దాచాలి? ఎంత పలుకుతాయి?

జవాబు: ముందు కత్తెర పక్కన పెట్టండి. కవరు మీది ముద్రలో ఊరి పేరు, తేదీ చదవడానికి వీలుగా ఉంటే దాన్ని కదపొద్దు. విడి స్టాంపు ఎప్పుడైనా సంపాదించుకోవచ్చు. టెక్కలిలోనో నరసన్నపేటలోనో ముద్ర పడి ఊళ్లు దాటొచ్చిన కవరు మళ్లీ దొరకదు. వెనకాల చేరిన ఊరి ముద్ర కూడా ఉంటే మరీ మంచిది. ముద్ర నల్లగా అలికేసి, కవరు చెదలు కొట్టేసి ఉంటేనే ఊడదీయడం గురించి ఆలోచించండి.

తీయాల్సి వస్తే, స్టాంపు చుట్టూ ఒక సెంటీమీటరు కాగితం వదిలి కత్తిరించండి. అంచున ఉండే పళ్లకు దగ్గరగా కోస్తే ఒక్క పన్ను తెగినా స్టాంపు పాడైనట్టే. తడి దూది కవరు మూలన అద్ది చూడండి. కవరు రంగో, సిరా రాతో దిగితే నానబెట్టొద్దు, ఆ రంగు స్టాంపుకి పట్టేస్తుంది. దిగకపోతే పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి, బొమ్మ పైకి ఉండేలా వదలండి. పదిహేను, ఇరవై నిమిషాల్లో కాగితం దానంతటదే జారిపోతుంది. జారకపోతే ఇంకో పది నిమిషాలు ఆగండి, లాగొద్దు. తడి కాగితం పలచబడుతుంది, ఆ పలచన వెలుతురుకి పెట్టి చూస్తే ఇట్టే తెలుస్తుంది. మిగిలిన జిగురు వేలితో మెల్లగా తోసేసి, మంచినీళ్లలో ఒకసారి ముంచి, బొమ్మ కిందికి ఉండేలా తెల్ల బ్లాటింగ్ పేపరు మీద ఆరబెట్టండి. పాత న్యూస్‌పేపరు మీద మాత్రం వద్దు, అచ్చు సిరా అంటుకుంటుంది. పత్రిక స్టాంపుని పత్రికే పాడు చేసినట్టవుతుంది! ముప్పావు వంతు ఆరాక బరువైన పుస్తకం కింద ఒక రాత్రి ఉంచితే వంకర పోతుంది.

వాడని నాలుగింటికి నీళ్లు తగలనివ్వొద్దు. వాటి విలువలో పెద్ద భాగం వెనక ఉన్న జిగురుదే. వేళ్ల చెమట కూడా మచ్చ వేస్తుంది కాబట్టి చివర చదునుగా ఉండే స్టాంపు ట్వీజర్స్‌తోనే పట్టుకోండి. ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటే పీకొద్దు. మూత ఉన్న డబ్బాలో అడుగున తడి గుడ్డ, దాని మీద జల్లెడలాంటిది, ఆ పైన స్టాంపులు పెట్టి మూసి, గంట గంటకీ చూడండి. జిగురు మెరుపు కొంత పోతుంది గానీ స్టాంపులు దక్కుతాయి.

మన దగ్గర అసలు శత్రువు సముద్రపు గాలి తేమ. తుప్పులా కనిపించే పసుపు, గోధుమరంగు చుక్కలు బూజువి. ఒక స్టాంపు నుంచి పక్కదానికి పాకుతాయి కాబట్టి మచ్చ పడ్డవాటిని వెంటనే వేరు చేయండి. ఫొటో ఆల్బంలో జిగురు పేజీలు, సెలోటేపు, మెత్తటి పీవీసీ కవర్లు వాడొద్దు. పేజీల మధ్య గ్లాసిన్ (నున్నటి పలచటి) కాగితం ఉన్న స్టాక్ బుక్, అంటే జిగురు లేకుండా పట్టీల్లోకి స్టాంపులు దూర్చి పెట్టే ఆల్బం కొని, పుస్తకాల్లా నిలువుగా పెట్టండి. పడుకోబెట్టి పైన బరువు పెడితే జిగురు పేజీకి అంటుకుంటుంది. వాన నీరు దిగే గోడకి ఆనించిన బీరువా వద్దు. సిలికా జెల్ పొట్లాలు వేసి, రంగు మారినప్పుడల్లా మార్చండి. వానల్లో ఆల్బం తెరవకపోవడమే మేలు, పొడి రోజుల్లో నెలకోసారి పేజీలు తిప్పండి. కలరా ఉండలు ఆల్బంలో వేసే అలవాటుంటే మానండి.

ధర గురించి పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. ఇలాంటి స్మారక స్టాంపులు లక్షల్లో అచ్చవుతాయి. ఆ పెట్టెలోనే తపాలా శాఖ వేసిన చిన్న బ్రోచరు ఉందేమో వెతకండి. విషయ పరిచయంతో పాటు ఎన్ని అచ్చేశారు, ఎక్కడ, ఏ పద్ధతిలో అన్నది అందులో ఉంటుంది. స్టాంపుతో కలిపి ఉంచితే సేకరణకి అందం.

పత్రికల స్టాంపులు వరసగా పేర్చాలనుకుంటే మీది మంచి మొదలు. ఈ పత్రిక 1838 నవంబరు 3న బాంబే టైమ్స్‌గా మొదలైంది, ఇప్పటి పేరు 1861లో వచ్చింది. 150 ఏళ్ల లెక్క 1838 నుంచే. పక్కన మలయాళ మనోరమ శతాబ్ది స్టాంపు (అదీ 1988దే), 2022లో ముంబై సమాచార్ 200 ఏళ్లకు వచ్చింది పెట్టండి. మనోరమ సంస్థ 1888లో పుట్టినా తొలి సంచిక 1890లో వచ్చింది. పేజీలో ఆ రెండు తేదీలూ రాసుకోండి, లేకపోతే చూసినవాళ్లు తప్పు పడతారు. ‘మై స్టాంప్’ షీట్లని మాత్రం వీటిలో కలపొద్దు. అవి డబ్బు కట్టి ఎవరైనా తమ బొమ్మతో వేయించుకునేవి, స్మారక స్టాంపులు కావు.

పాత స్టాంపులకి లక్షలిస్తామంటూ ముందు రిజిస్ట్రేషన్ ఫీజు అడిగే ఫోన్ ప్రకటనలకి ఫొటో కూడా పంపకండి.