దారం తీసే మెషిన్ మీద ఉద్యోగం: మీ ప్రశ్నలు, నా జవాబులు

చిప్స్ అనే ప్లాస్టిక్ గింజల్ని కరిగించి దారం తీసే పాలిస్టర్ ఫిలమెంట్ ప్లాంట్‌లో షిఫ్టులు చేసి వచ్చినవాణ్ణని పోయిన నెల ఈ శీర్షికలో ఒక మాట రాశాను. దాంతో ఈసారి ఉత్తరాలన్నీ దాని మీదే వచ్చాయి. అందరికీ విడివిడిగా రాయడం కుదరదు, ఒకే రకం ప్రశ్నల్లో ఒక్కోటి తీసుకుంటున్నాను.

సార్, మా నాన్న సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నడుపుతారు. మేం నేసే పాలిస్టర్ నూలంతా గుజరాత్ వైపు నుంచే వస్తుంది. నేను టెన్త్ పాసయ్యాను, ఇంటర్ మధ్యలో ఆగింది. ఆ నూలు తయారుచేసే మెషిన్ నేర్పే కోర్సు ఎక్కడుంది? ఐటీఐలో ఏ ట్రేడ్ తీసుకోవాలి? – ఒక పాఠకుడు, సిరిసిల్ల

తమ్ముడూ, 'సింథటిక్ ఫైబర్ ఎక్స్‌ట్రూషన్ ఆపరేటర్' అని బోర్డు పెట్టిన ఐటీఐ కోసం వెతుక్కుంటూ తిరగకు. ఆ మెషిన్ ఐటీఐ షెడ్డులో పెట్టే సరుకు కాదు. ఒక లైను వేయాలంటే కోట్లు కావాలి, పైగా అది పొద్దున వేసి సాయంత్రం ఆపేది కాదు, పండక్కి కూడా ఆగకుండా రాత్రింబవళ్లు వేడి మీద నడవాల్సిందే. అందుకే కంపెనీలు దగ్గరి ట్రేడ్ చదివిన పిల్లల్ని తీసుకుని ఫ్లోర్ మీదే పని నేర్పుకుంటాయి. నువ్వు ఎంచుకోవాల్సింది ఆ దగ్గరి ట్రేడ్. నన్నడిగితే అటెండెంట్ ఆపరేటర్ కెమికల్ ప్లాంట్ అనే రెండేళ్ల ట్రేడ్ మొదటిది, టెన్త్‌లో లెక్కలు, సైన్సు ఉంటే చాలు. పంపులు, వాల్వులు, టెంపరేచర్ కంట్రోలర్లు, లాగ్‌బుక్ రాయడం అన్నీ అందులోనే వచ్చేస్తాయి. అది దొరక్కపోతే ఏడాది కోర్సు ప్లాస్టిక్ ప్రాసెసింగ్ ఆపరేటర్. అదీ లేకపోతే ఫిట్టర్ తీసుకో. ఫిట్టర్‌కి ఎక్కడా తిండికి లోటుండదు, ఇక్కడైతే కరిగిన పాలిమర్‌ని (ప్లాస్టిక్‌ని) వడగట్టి పోగులుగా వదిలే ప్యాక్‌లు మార్చే టీమ్‌లో నేరుగా పడతావు.

ఐటీఐ సగం దారే. మిగతా సగం అప్రెంటిస్‌షిప్, అసలు చదువు అక్కడే. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం కంపెనీ నీకు స్టయిపెండ్ ఇచ్చి నేర్పాలి, నువ్వు వాళ్లకు డబ్బు కట్టేది ఏమీ లేదు. చివర్లో పరీక్ష పాసైతే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది, ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుంది. అందుకని ఐటీఐలో చేరే ముందే అక్కడి ప్లేస్‌మెంట్ వాళ్లని 'పోయిన బ్యాచ్ పిల్లలు ఏ ఫ్యాక్టరీలో అప్రెంటిస్ చేశారు' అని అడుగు. పేర్లు చెప్పలేక నసిగితే ఇంకో ఐటీఐ చూసుకో. సమర్థ్ పథకం ఉంది కదా అని చాలామంది రాశారు. అది టెక్స్‌టైల్ శిక్షణ పథకమే కానీ సంఘటిత రంగంలోని స్పిన్నింగ్, వీవింగ్ దాని పరిధిలో లేవు, అందుకని దాన్ని నమ్ముకుని కూర్చుంటే కుట్టుమిషన్ దగ్గర తేలొచ్చు. పైచదువు మీద మనసుంటే ముంబై వర్లీలో సాస్మిరా ఉంది, 1950 నుంచీ సింథటిక్ బట్టల రంగం కోసమే నడుస్తున్న సంస్థ, మ్యాన్‌మేడ్ టెక్స్‌టైల్స్‌లో డిప్లొమాలు అక్కడ చేయొచ్చు. ఇంటికి దగ్గర్లో పని కావాలంటే వరంగల్ కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు వైపు చూడు. గణేశా ఎకోస్ఫియర్ వాళ్లు వాడేసిన పెట్ సీసాల నుంచి ఫైబర్, నూలు తీసే ప్లాంట్ అక్కడే పెట్టారు. కొత్త చిప్స్‌తో పోలిస్తే సీసాల చిప్స్‌తో దారం తీయడం ఇంకా ఓపిక పని, అది నేర్చుకున్నవాడికి ఎక్కడైనా పని దొరుకుతుంది.

ఈలోగా ఇంట్లోనే ఒక పని చెయ్యి. మీ నాన్న దగ్గరికొచ్చే నూలు పెట్టె మీద 150/48 లాంటి అంకె ఉంటుంది చూడు. 150 అంటే డెనియర్: 9000 మీటర్ల దారం తూకం వేస్తే 150 గ్రాములు. 48 అంటే ఆ దారంలో ఉన్న పోగులు, అంటే దాన్ని తీసిన స్పిన్నరెట్ పళ్లెంలో దానికోసం 48 రంధ్రాలు ఉన్నాయన్నమాట. మెషిన్ నుంచి బయటికొచ్చేటప్పుడు అది 255 డెనియర్ దాకా లావుగా ఉంటుంది, ఇంకా పూర్తిగా సాగని ఆ నూలునే పీఓవై అంటారు, తర్వాత దారానికి నొక్కులు పెట్టే టెక్స్‌చరైజింగ్‌లో సాగదీస్తే సన్నబడి 150 అవుతుంది. ఇప్పుడు లెక్క వెయ్యి: 255 డెనియర్ దారం నిమిషానికి 3200 మీటర్ల వేగంతో చుట్టుకుంటుంటే 10 కిలోల ప్యాకేజీ (నూలు చుట్ట) ఎంతసేపట్లో నిండుతుంది? రెండు గంటల లోపే వస్తుంది. ఈ లెక్క తడుముకోకుండా చేయగలిగితే ఇంటర్వ్యూలో సగం గెలిచినట్టే, ఎందుకంటే ఆపరేటర్ డ్యూటీ మొత్తం నిండిన ప్యాకేజీ తీసే ఈ డాఫింగ్ టైమ్ చుట్టూనే తిరుగుతుంది.

సిల్వాసాలో ఒక ప్లాంట్‌లో ట్రైనీ ఆపరేటర్‌ని. మాది నైట్ షిఫ్ట్ అయినప్పుడల్లా దారం ఎక్కువగా తెగుతుంది. సూపర్‌వైజర్ మాకు పని రాదంటాడు. వానాకాలం వచ్చాక ఇంకా టెన్షన్‌గా ఉంది. నిజంగా మా చేతకానితనమేనా? – ఒక పాఠకుడు, కరీంనగర్ జిల్లా

ఈ ఉత్తరం చదవగానే జవాబు రాయాలనిపించింది. మీ సూపర్‌వైజర్ చెప్పినట్టు చేతకానితనం ఉందో లేదో నేనిక్కడ కూర్చుని చెప్పలేను గానీ, తెగడానికి కారణం పట్టుకునే పద్ధతి చెప్తాను. తిట్లకి జవాబు ఇవ్వాలంటే అది ఒక్కటే మార్గం.

ముందు చూడాల్సింది ఎక్కడ తెగుతోందన్నది. ఒకే పొజిషన్‌లో (ఒక ప్యాక్ కింద దారాలు దిగే చోట) మళ్లీ మళ్లీ తెగితే జబ్బు ఆ పొజిషన్‌లోనే ఉంది: స్పిన్నరెట్ అడుగున కాలిన పాలిమర్ పేరుకుని దాన్ని తుడిచే వైపింగ్ టైమ్ దాటిపోయి ఉండొచ్చు, ప్యాక్ ప్రెషర్ పెరిగి మార్చే టైమ్ అయ్యి ఉండొచ్చు, సిరామిక్ గైడ్‌లో గాటు పడి ఉండొచ్చు, లేదా ఆ దారానికి పూయాల్సిన ఫినిష్ ఆయిల్ రాకపోవచ్చు. ఆయిల్ సంగతి తెలుసుకోవడం తేలిక, దారం పొడిగా వస్తుంటే పోగులు విడిపోయి గాల్లో లేస్తుంటాయి, లైటు అడ్డంగా పెట్టి చూడండి. లైనులో అన్ని పొజిషన్లూ కొంచెం కొంచెంగా తెగుతుంటే జబ్బు పైన ఉంది: చిప్స్‌లోనో, డ్రయ్యర్‌లోనో, చిప్స్‌ని కరిగించే ఎక్స్‌ట్రూడర్ టెంపరేచర్‌లోనో, పోగుల్ని చల్లార్చే క్వెంచ్ గాలిలోనో. అన్నీ ఒకే నిమిషంలో తెగిపోతే కరెంటు డిప్ గానీ, కంప్రెస్‌డ్ ఎయిర్ ప్రెషర్ పడిపోవడం గానీ అయ్యుంటుంది, మిమ్మల్ని అనడానికి ఏమీ లేదు.

ఇప్పుడు వానాకాలం సంగతి. పాలిస్టర్ చిప్స్ గాలిలోని తేమ పీలుస్తాయి, మామూలుగా నూటికి 0.4 వంతు దాకా నీరు ఉంటుంది. ఎక్స్‌ట్రూడర్‌లోకి వెళ్లేసరికి అది 0.005 కన్నా తక్కువకి దిగాలి. ఎందుకింత పట్టుదల అంటే, 280 – 290 డిగ్రీల వేడిలో ఆ కాస్త నీరు ఉన్నా పాలిమర్ గొలుసులను తెంపేస్తుంది, విస్కాసిటీ (చిక్కదనం) పడిపోతుంది, దారంలో బలం ఉండదు. డ్రయ్యర్‌లో చిప్స్ కొన్ని గంటల పాటు ఉండి కిందికి దిగుతాయి. అంటే సాయంత్రం బీ షిఫ్ట్‌లో డ్రయ్యర్ గాలి డ్యూ పాయింట్ (అంటే అందులోని తేమ) పెరిగినా, ఎవరో చిప్స్ బ్యాగ్ మూతి విప్పి తేమలో వదిలేసినా, దారం తెగడం మొదలయ్యేది మీ నైట్ షిఫ్ట్‌లో. తప్పు ఒక షిఫ్ట్‌ది, తిట్లు ఇంకో షిఫ్ట్‌కి! ఫిలమెంట్ ప్లాంట్లలో జరిగే గొడవల్లో సగం ఇవే.

అందుకని షిఫ్ట్ తీసుకోగానే మెషిన్ దగ్గరికి పరిగెత్తకండి. డ్రయ్యర్ డ్యూ పాయింట్, మెల్ట్ టెంపరేచర్, ప్యాక్ ప్రెషర్లు, చివరి వైపింగ్ ఎప్పుడయ్యిందో, పోయిన షిఫ్ట్‌లో ఎన్ని బ్రేకులో లాగ్‌బుక్‌లో చూసి, మీ చిన్న నోట్‌బుక్‌లో కూడా రాసుకోండి. కొన్నాళ్లు ఇలా రాస్తే మీకే కనపడుతుంది. ఇంకొకటి, క్వెంచ్ ఫ్లోర్ తలుపు. అర్ధరాత్రి ఉక్కగా ఉందని ఎవరో తెరిచి పెడతారు, స్పిన్నరెట్ కింద 20 డిగ్రీల చుట్టుపక్కల సమంగా వీచాల్సిన గాలి ఊగుతుంది, గడ్డకట్టీ కట్టని పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి. తలుపు వేయించండి, గొడవైనా సరే.

కెమికల్ డిప్లొమా చేశాను. రెండు చోట్ల ట్రైనీగా పిలిచారు, ఒకటి పాలిస్టర్ నూలు, ఇంకోటి విస్కోస్ ఫైబర్. అమ్మాయిలకు ఈ పని ప్రమాదమని ఇంట్లో వద్దంటున్నారు. – ఒక పాఠకురాలు, గుంటూరు

అమ్మా, ప్రమాదం అమ్మాయిలకనీ అబ్బాయిలకనీ వేరువేరుగా ఉండదు, ఎక్కడ ఉంటుందో తెలుసుకుంటే చాలు. పాలిస్టర్ ప్లాంట్‌లో భయపడాల్సినవి కరిగిన పాలిమర్, దారాన్ని చుడుతూ తిరిగే వైండర్. ప్యాక్ మార్చేటప్పుడు, వైపింగ్ చేసేటప్పుడు కరిగిన చుక్క చేతి మీద పడితే అది తేనెలా అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. లాగి పీకకూడదు, చర్మం కూడా వచ్చేస్తుంది, వెంటనే చల్లటి నీళ్ల కింద పెట్టి డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి. ముఖానికి షీల్డ్, మోచేతుల దాకా గ్లోవ్స్ లేకుండా స్పిన్నరెట్ దగ్గర నిలబడమంటే నిలబడొద్దు. వైండర్ దగ్గర చున్నీ, గాజులు, ఉంగరం, విరబోసిన జుట్టు అసలు పనికిరావు. నిమిషానికి మూడు వేల మీటర్లు లాగే దారం వేలికి చుట్టుకుంటే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. చెవులకి ప్లగ్గులు పెట్టుకోండి, ఆ మోతకి అలవాటు పడ్డామంటే అప్పటికే వినికిడి తగ్గుతోందని లెక్క. స్పిన్నింగ్ ఫ్లోర్‌లో వేడి కోసం వాడే డౌథర్మ్ లీకైతే గాఢమైన వాసన వస్తుంది, ఎవరో చెప్తారులే అనుకోకుండా మీరే చెప్పండి.

విస్కోస్ వేరే లోకం. అక్కడ కరిగించి తీయరు, చెక్క గుజ్జును కాస్టిక్‌లో నానబెట్టి, కార్బన్ డైసల్ఫైడ్ కలిపి, చివరికి ఆసిడ్ స్నానంలో దారంగా గడ్డకట్టిస్తారు. కార్బన్ డైసల్ఫైడ్ ఏళ్ల తరబడి పీలిస్తే నరాల మీద, గుండె మీద దెబ్బ పడుతుంది. గాలిని లాగేసే వెంటిలేషన్ బాగుండి, గాల్లో ఎంత ఉందో కొలిచి బోర్డు మీద రాసి పెట్టే కంపెనీ అయితే ఆలోచించండి. అడిగితే 'అలాంటివేం ఉండవమ్మా' అని నవ్వేస్తే అక్కడికి వెళ్లొద్దు. రెండూ సమానంగా ఉంటే నేను పాలిస్టరే అంటాను. నైట్ డ్యూటీకి మీ సమ్మతి తీసుకోవాలి, రానూపోనూ బండి, భద్రత కంపెనీదే బాధ్యత, ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి. డిప్లొమా వాళ్లు కొన్ని నెలలు ఫ్లోర్ మీద స్ట్రింగ్-అప్ (మెషిన్‌కి దారం ఎక్కించడం) చేయడం నామోషీ అనుకుంటారు. దారాన్ని గాలితో పీల్చే సక్షన్ గన్ పట్టుకుని, జారిపోయే దారాల కట్టని ఫినిష్ గైడ్‌లోంచి, గోడెట్ల (దారం లాగే రోలర్ల) మీదుగా వైండర్ దాకా ఒక్క ఊపులో ఎక్కించడం వస్తేనే రేపు మీ కింద ఆపరేటర్లు మాట వింటారు.

మా అబ్బాయికి సూరత్‌లో నూలు మిల్లులో ఆపరేటర్ ఉద్యోగం, 'గవర్నమెంట్ సర్టిఫికెట్'తో సహా ఇప్పిస్తానని ఒకాయన 40 వేలు అడుగుతున్నాడు. – ఒక తండ్రి, జగిత్యాల

ఇవ్వకండి. అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉచితం, పైగా స్టయిపెండ్ మీ అబ్బాయికే ఇస్తారు. పని నేర్వకముందే చేతికొచ్చే సర్టిఫికెట్ చూసి ఏ ప్లాంటూ మెషిన్ అప్పగించదు. సూరత్ లింబాయత్ వైపు మన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, మీ ఊరివాళ్లు కూడా ఒకరిద్దరు ఉండకపోరు, వాళ్లకొక ఫోన్ చేస్తే ఆ మిల్లు ఉందో లేదో, మనుషుల్ని తీసుకుంటోందో లేదో సాయంత్రానికల్లా తెలిసిపోతుంది.

జీడిమెట్లలో ప్లాస్టిక్ సంచులు నేయడానికి టేప్ (సన్న పట్టీ) తీసే మెషిన్ నడుపుతున్నాను. పాలిస్టర్ నూలు వైపు మారొచ్చా? కోర్సు మళ్లీ చేయాలా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

నిక్షేపంగా మారొచ్చు. ఎక్స్‌ట్రూడర్, స్క్రూ, జోన్ టెంపరేచర్లు, మెల్ట్ ప్రెషర్ అన్నీ మీకు వచ్చినవే. తేడా ఎక్కడంటే, మీ పాలీప్రొపిలీన్ నీరు పీల్చదు, కాబట్టి డ్రయ్యర్ జోలి మీకు పెద్దగా ఉండదు. అక్కడ డ్రయ్యరే సగం ఉద్యోగం. వేగం కూడా ఎన్నో రెట్లు, తెగితే నిమిషాల్లో కిలోల కొద్దీ వేస్ట్ అవుతుంది. కాగితం కావాలనుకుంటే చర్లపల్లిలోని సిపెట్ అనే కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్స్ సంస్థలో ప్లాస్టిక్స్ ఎక్స్‌ట్రూషన్ మెషిన్ ఆపరేటర్ షార్ట్ కోర్సు ఎప్పుడు మొదలవుతుందో కనుక్కోండి, విజయవాడ వైపు వాళ్లకి సూరంపల్లిలో ఉంది. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు మాత్రం మీ టేప్ లైను లాగ్‌షీట్లు ఎలా రాస్తారో, గేజ్ (మందం) తేడా వస్తే ముందు ఏం చూస్తారో చెప్పడానికి సిద్ధంగా ఉండండి. జీతం సంగతి, ట్రైనీ రేటుకి ఒప్పుకోకండి, ఎక్స్‌ట్రూడర్ మీద మీకున్న ఏళ్లు లెక్కలోకి తీసుకోమని అడగండి.