మిర్చి యార్డు గురించి రాయవచ్చా?

ప్రశ్న: ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాను. అమెరికాలో డిగ్రీ కోసం, చాలా కాలేజీలకు ఒకే చోట నుంచి దరఖాస్తు పంపే వెబ్‌సైట్ కామన్ యాప్ ద్వారా దరఖాస్తు చేస్తున్నాను. వ్యాసంలో ఒలింపియాడ్ పతకాల గురించి రాయమని మా లెక్చరర్ అంటున్నారు. తాతయ్య మరణం గురించి రాస్తే చదివేవారి మనసు కరుగుతుందని ఒక కన్సల్టెన్సీలో చెప్పారు. నాన్నగారు మిర్చి యార్డులో గుమస్తా. సెలవుల్లో ఆయన వెంట వెళ్లి టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క రాస్తుంటాను కానీ, అది రాయదగ్గ విషయం కాదేమో. శైలి ఎలా ఉండాలి?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: రాయదగ్గది కాదేమోనని మీరు పక్కన పెట్టిన విషయమే నన్ను ఆకట్టుకుంది. పతకాలు చెప్పుకోవడానికి కామన్ యాప్‌లో వేరే చోటు ఉంది: పురస్కారాలు 5, వ్యాపకాలు 10 వరకు నమోదు చేయవచ్చు. వ్యాసానికి దక్కేది 250 నుంచి 650 పదాలే కనుక, అక్కడ అదే జాబితాను మళ్లీ వల్లించడం చోటు వృథా చేసుకోవడమే. ఇచ్చే 7 అంశాల్లో చివరిది మీకు నచ్చిన విషయం మీద రాసుకునే స్వేచ్ఛ ఇస్తుంది కాబట్టి యార్డు గురించి నిస్సంకోచంగా రాయవచ్చు. తాతయ్యగారి మీద బెంగ నిజంగా మీలో ఉంటే రాయడం తప్పు కాదు. అయితే చదివినవారికి ఆయనతో పాటు మీరు కూడా తెలియాలి. జాలి కోసం ఆయన మరణాన్ని వాడుకోమనే సలహా మాత్రం నాకు బాధ కలిగించింది.

యార్డు మొత్తాన్నీ వర్ణించకండి, ఒక్క ఉదయాన్ని తీసుకోండి. ఘాటుకు దగ్గుతూ, ఎర్రబడిన వేళ్లతో పుస్తకం పట్టుకున్నప్పుడు టిక్కీల సంఖ్యకూ తూకానికీ పొంతన కుదరకపోతే మీరు ఏం చేశారు? తమ సరుకు లెక్క సరిగ్గా ఉందా అని రైతు అడిగినప్పుడు ఏమనిపించింది? మీ ఆలోచన ఎలా సాగుతుందో అక్కడే తెలుస్తుంది.

ఇక శైలి. మహనీయుల సూక్తితో మొదలుపెట్టి, "మానవ జీవితంలో" అంటూ సాగే పరీక్షల వ్యాసం ఇక్కడ పనికిరాదు. ఎంఎస్‌కు వెళ్లేవారు రాసే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌ను నమూనాగా ఇస్తే దాన్నీ అనుసరించవద్దు. అది చదవబోయే సబ్జెక్టు గురించి, ఇది మీ గురించి. మీకు గౌరవం ఉన్న మేనత్తకు ఉత్తరం రాస్తున్నట్లు, మర్యాద తప్పకుండా, బరువైన పదాలు లేకుండా రాయండి. యార్డులో మాటలన్నీ తెలుగులోనే నడిచాయి కాబట్టి మొదటి ప్రతి తెలుగులోనే రాసుకుని, తర్వాత ఇంగ్లిషులో మళ్లీ కొత్తగా రాయండి. "టిక్కీ" అన్న మాటను అలాగే ఉంచి, మిర్చి బస్తా అని ఒక్కసారి చెబితే సరిపోతుంది. ముందస్తు దరఖాస్తులకు చాలా కాలేజీల గడువు నవంబరు 1 కనుక, దసరా సెలవుల్లోపే మొదటి ప్రతి పూర్తి చేసి, తూకం, లెక్కల వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో నాన్నగారికి చదివి వినిపించండి.