తాతగారి రికార్డులకు లక్షలు వస్తాయా?

తాతగారి పెట్టెలో పాత గ్రామఫోన్ రికార్డులు దొరికాయి, ఎంత పలుకుతాయి అని ఒకరు అడిగారు. పాతవైనంత మాత్రాన పలకవు. మన తిరుపతి వైపు ఇళ్లలో దొరికేవి మరీనూ. 1963లో వచ్చిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం ఎల్పీ, అంటే ఎక్కువసేపు పాడే ప్లాస్టిక్ రికార్డు, ఇక్కడ ఎవరింట్లో లేదు? పూర్ణకుంభం కూడలిలో ఆమె విగ్రహం కనిపిస్తే నేనూ చేతులు జోడిస్తాను, కానీ అందరి దగ్గరా ఉన్నదానికి ఎవరు ఎక్కువ ఇస్తారు?

చిత్తూరు కట్టమంచిలో మా పెదనాన్న ఇల్లు ఖాళీ చేసినప్పుడు చెన్నై నుంచి ఒక వ్యాపారిని పిలిపించాం. మా అన్న దేవుళ్ల బొమ్మలున్న ఎల్పీ అట్టలన్నీ తుడిచి హాల్లో వరుసగా పేర్చాడు. ఆ వ్యాపారి వాటిని పక్కకు జరిపి, అడుగున అట్టల్లేకుండా పడి ఉన్న 78 రికార్డుల (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు రికార్డులు) దొంతర లాగాడు. ఒక్కోదాన్ని కిటికీ దగ్గర ఎండకు ఏటవాలుగా పట్టి చూశాడు. గాడులు నల్లగా మెరిస్తే కుడి పక్క, బూడిదరంగుకు తిరిగితే ఎడమ పక్క. ఎడమ పక్కదే పెద్ద గుట్ట అయింది. గ్రామఫోన్‌లో పెట్టే ఉక్కు ముల్లును రికార్డు ఒక వైపు వినగానే మార్చాలి. మా ఇంట్లో ఎవరు మార్చారు? అరిగిన ముల్లు గాడిని తినేస్తుంది. తర్వాత నడిమి రంధ్రం చుట్టూ లేబుల్ మీద పడిన సన్నటి గీతలు చూశాడు. ఎన్నిసార్లు పెట్టి తీశారో అక్కడ తెలిసిపోతుందట.

చివరికి కొన్ని నాటక పద్యాలు, ఒక హరికథ సెట్టులో ఒకే ఒక్క రికార్డు తీసుకున్నాడు. "మిగతా భాగాలు కూడా ఉంటే ధర వేరేగా ఉండేది సార్" అన్నాడు. ఎలా ఉంటాయి? పెళ్లిలో మైకుసెట్టుకు వేయాలని అరువు పట్టుకెళ్లిన బంధువులు తిరిగి ఇస్తే కదా! తిరిగి వచ్చినవాటి లేబుళ్ల మీద ఇంకుపెన్నుతో వాళ్ల పేర్లు రాసి ఉన్నాయి. వాటికి ధర తగ్గించాడు.

ఇంటర్నెట్టులో లక్ష అని పెట్టినవి చూసి మురిసిపోకండి. అది అడిగే ధర. ఏ అంకె కావాలంటే అది రాసుకోవచ్చు. డిస్కాగ్స్, ఈబే అనే అమ్మకాల వెబ్‌సైట్లలో నిజంగా అమ్ముడుపోయిన ధరలు కూడా కనిపిస్తాయి, అవి చూడండి. ఒకే అట్టతో మళ్లీ మళ్లీ అచ్చు వేసిన ఎల్పీలు ఉంటాయి కాబట్టి, లేబుల్ పక్కన పాట లేని నున్నటి వలయంలో చెక్కిన అంకెలనూ అక్కడ అమ్ముడుపోయినదాని అంకెలతో పోల్చుకోండి. రికార్డును కాల్చి వంచి గిన్నెలు, గడియారాలు చేసి అమ్మేవాళ్ల జోలికి మాత్రం వెళ్లకండి, వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

78 రికార్డులను శానిటైజరుతోగానీ స్పిరిటుతోగానీ తుడవకండి. వాటిలో ఉండేది లక్క, స్పిరిటుకు కరిగిపోతుంది. ఎల్పీలు మేడ మీది గదిలో ఉంటే ఈ రోజే కిందికి దించి నిలువుగా పెట్టండి. మన మే నెల ఎండకు వంకర తిరిగిన ఎల్పీని ఎవరైనా కొన్నా, అట్ట కోసమే కొంటారు.